పడలేదని చెప్పిన ఫోటో

వాన వెలిసిన మధ్యాహ్నం కొత్తవాడ సందుల్లో నడుస్తుంటే, దండేల మీద ఆరేసిన నూలు నుంచి రంగు, గంజి, తడి పత్తి కలగలిసిన వాసన వస్తుంది. అది తగిలితే చాలు, పన్నెండేళ్ల వాణ్నయిపోతాను. వెంటనే సిగ్గుతో తల కూడా వంచుకుంటాను.

ఫోటోలు తీయడం నాకు నేనే నేర్చుకున్నానని ఇన్నాళ్లూ చాలామందికి చెప్పాను. అది అబద్ధం. నేర్పింది మా పక్కింట్లో జంపఖానాలు నేసే లచ్చవ్వ పెద్దమ్మ.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. కాజీపేట రైల్వేలో పనిచేసే మా చిన్నాయన నాకొక పాత డబ్బా కెమెరా ఇచ్చాడు. ఫిలిం దొరకడమే కష్టం, దొరికిన చుట్టలో ఎనిమిదే బొమ్మలు. బతుకమ్మ పండుగ నాళ్లలో, వాకిళ్ల నిండా తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి ఉండగా, రొట్టెలూ బెల్లమూ కలిపి దంచిన మలీద ముద్దలు పిల్లల చేతుల్లో జిగురుగా అంటుకుంటుండగా, నేను గోటీలాట మానుకుని వాడకట్టు వాళ్లందర్నీ గోడవార నిలబెట్టి ఎనిమిదీ తీసేశాను. హనుమకొండ స్టూడియోలో కడిగించి తెచ్చిన రోజు అందరూ పెద్దమ్మ వాకిట్లో మూగి, తమ ముఖాలు తాము చూసుకుని మురిసిపోయారు. పెద్దమ్మ మాత్రం మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక్కొక్కటే చూసి పకపకా నవ్వింది.

“ఏందిరా, కండ్లల్ల కుంకుడు రసం పడ్డట్టు నిలవడ్డరు అందరు? మిట్టమధ్యాన్నం తీసినవా?”

“ఎండ ఉంటెనే పడ్తది పెద్దమ్మా.”

“మేం ఎండల నూలు రంగు సూస్తమా? ఎర్రది గూడ తెల్లగ కొడ్తది. గడప నీడకు తెచ్చి సూస్తం. మనిషిని గూడ గట్లనే సూడు. చేతిల ఏదన్న పనుంచు, జర మనుషుల లెక్క కనవడ్తరు.”

అందరూ గొల్లుమన్నారు. నా ముఖం మాడిపోయింది. అక్షరం ముక్క రాని మనిషి నాకు చెప్పేదేమిటని చాలా రోజులు ఆమె గడప తొక్కలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. చిన్నాయన ఇంకో చుట్ట తెచ్చాక మెల్లగా వెళ్లి, “పెద్దమ్మా, నిన్ను తీస్త” అన్నాను. అంతకుముందు ఆమెను ఎవరూ ఫోటో తీయలేదు. ఉతికిన చీర కట్టుకుని, తలుపు పక్క మెత్తటి వెలుతురు పడే మగ్గం ముందు, ఇనుప పంజాతో పేక పోగుల్ని దగ్గరికి కొడుతూ కూర్చుంది. కెమెరాను పీట మీద పెట్టి, “చెయ్యి లేపి ఆపు” అన్నాను. ఊపిరి కూడా బిగబట్టింది. మీట లాగాను.

అంత మంచి బొమ్మ నేను మళ్లీ తీశానో లేదో. ముఖంలో గీతలు, పంజా పళ్లు, పడుగు పోగులు అన్నీ కనబడ్డాయి. ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకోవాల్సి వస్తుందన్న ఉక్రోషంతో దాన్ని దాచేశాను.

“పడ్డదా బిడ్డా?”

“పడలే పెద్దమ్మా. ఖరాబైంది.”

“నా మొకమే గంత. నువ్వు ఫికర్ చెయ్యకు” అని నన్నే ఓదార్చి, దోసిట్లో సత్తుపిండి పోసింది.

ఆ బొమ్మ బడిలో చూపించి మెప్పు పొందాను. ఆమె మాత్రం తన రూపు ఫోటోలో పడదని నమ్మేసింది. కూతురి పెళ్లిలో ఫోటో తీసేటప్పుడు, “నేనుంటే మీది గూడ ఖరాబైతది” అంటూ పక్కకు తప్పుకుంది. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

పోయిన వారం ఆ ఫోటోను పెద్దది చేయించి తీసుకెళ్లాను. వాకిలికి సిమెంటు చేశారు. మగ్గం గుంత పూడ్చేశారు. పూలు కుప్పపోసుకునే జాగా లేదు, పక్క సందులో పవర్‌లూమ్‌ల చప్పుడుకి మాట వినబడదు. డెబ్బై దాటిన పెద్దమ్మ చెవి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఫోటోను చాలాసేపు చూసింది, తన ముఖాన్ని కాదు, మగ్గం మీది జంపఖానాని.

“గీడ పేక వదులైంది సూడు. నాకు తెల్వనే లేదు. అప్పుడే సూపెడ్తే విప్పి మల్ల నేసేదాన్ని గద. దాసిపెడ్తివి గదరా, దొంగ!”

అంతలోనే లోపలికి కేకేసింది.

“ఓ పిల్లా, రావే! సూడు, నేను పడ్డ!”

మనవరాలు వచ్చి ఫోటో అందుకుంది. పెద్దమ్మ నావైపు తిరిగి, “రేపు పొద్దుగాల నీ డబ్బ పట్టుకోని రా. ఎట్లొచ్చినా నాకు సూపియ్యాలె” అంది.