తేన్పులు కొలిచిన ఏడు

తెలంగాణ కోసం రోడ్లన్నీ శిబిరాలైన ఆ ఏడు నేను కోరుట్లలో ఆవుల తేన్పులు కొలిచేవాణ్ని. పశువైద్యుణ్ని. నెమరువేసే ఆవు కడుపులో మీథేన్ పుడుతుంది. తేన్పులతో నోటినుంచి బయటికొచ్చి భూమిని వేడెక్కిస్తుంది. పాలు బాగా ఇస్తూ ఆ వాయువు తక్కువ వదిలే ఆవుల్ని ఏరి, వాటి సంతతిని పెంచాలన్నది మా పని. కాడిలా వంచిన ప్లాస్టిక్ గొట్టంలోంచి గాలంతా తీసేసి ఆవు మెడకు తగిలించేవాళ్ళం. ముక్కు దగ్గర కట్టిన సన్నని గొట్టం ఒక పగలూ రాత్రీ ఆవు ఊపిరిని కొంచెం కొంచెంగా అందులోకి చేర్చేది.

వాయువు వెనకనుంచి కదా వచ్చేదని నవ్వినవాళ్ళున్నారు. కాడిని తాయెత్తు అనుకున్నవాళ్ళూ ఉన్నారు. తాయెత్తులకు వ్యతిరేకంగా వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ని, వాళ్ళను ఊరికే వదల్లేదు. పాలు తగ్గితే దిష్టి తీయడం కాదు, దాణా చూడండని కోప్పడేవాణ్ని.

బస్టాండు వెనక ఇంట్లో ఉండే ఖాలా దగ్గర మాత్రం నా వాదం పారలేదు. ఖాలా అంటే పిన్ని. ఆ వాడంతా ఆమెను అలాగే పిలిచేది. ఆమెకు ఒక్కటే ఆవు, నల్లమచ్చల సంకరజాతిది. దాని తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకుంది. భర్తకు లారీల వెల్డింగు షాపు. మా ఎంపికలో నిలిస్తే ఆవును ఉంచుకుందాం, లేకపోతే రుద్రంగి రైతుకు అమ్మేద్దామని ఆయన తేల్చి చెప్పాడు.

కొలత ముగిసిన పొద్దున వెళ్ళేసరికి ఆవు పొట్ట డోలులా ఉంది. పచ్చిజొన్న, తవుడు, పైనుంచి మక్క గట్క, అంటే మొక్కజొన్న సంకటి కూడా పెట్టిందట. ఎందుకని అడిగాను.

"తేన్పులు కొలుస్తమంటిరి గద, డాక్టర్‌సాబ్. ఇంటికచ్చిన సుట్టం తిని తేన్పు దీస్తెనే మనకు ఇజ్జత్. నా ఆవు ఆకలితోని ఉన్నదని మీ మిషిన్ల వడొద్దు."

ఎన్ని తేన్పులైతే అంత మంచి ఆవు అనుకుందామె. మూఢనమ్మకమైతే వాదించేవాణ్ని. ఇది మర్యాద. మర్యాదతో ఎలా వాదించాలో ఏ సభలోనూ నేర్చుకోలేదు.

తక్కువ తేన్పులే మాకు కావాలని, ఈ కొలత చెల్లదని, కొన్నాళ్ళు రోజూ పెట్టేంతే పెడితే మళ్ళీ కొలుస్తామని చెప్పాను. ఒప్పుకుంది. రెండోసారి కాడి తగిలించిన రోజు గడ్డి తూచి వేసింది. అది అయిపోయాక ఆవు మెడ సాచి తనవైపే చూస్తుంటే తట్టుకోలేక వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది.

"గట్ల సూడకే. గీ ఒక్కరోజు ఓర్సుకో," అని లోపలినుంచే దానికి చెప్పుకోవడం విన్నాను.

ఆ కాడి విప్పే వేళకు తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సుల్లేవు. కాడిని మోటారుసైకిలుకు కట్టుకుని జగిత్యాల ల్యాబుకు బయల్దేరాను. దారిలో రోడ్డుకడ్డంగా కూర్చున్నవాళ్ళు ఆపి, ఇదేమిటన్నారు. ఆవు ఊపిరి అన్నాను.

"నీళ్ళు పాయె, కొలువులు పాయె. గిప్పుడు మా ఆవుల గాలి గూడ పట్టుకపోతున్నరా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. చాయ్ తాగించి మరీ దారి వదిలారు.

సమ్మె సాగినన్నాళ్ళూ లారీలు కదల్లేదు, వెల్డింగు షాపు షట్టరు లేవలేదు. ఆ ఇల్లు ఆవు పాల మీదే నడిచింది. కోరుట్ల శిబిరంలో చాయ్‌కి పాలు కూడా అక్కణ్నుంచే వెళ్ళేవి. పొద్దున్నే క్యాను మోసుకెళ్ళేది భర్తే.

ఫలితం వచ్చాక చెబుదామని వెళితే ఇద్దరూ నన్ను భోజనానికి కూర్చోబెట్టారు. ఆవు ఎంపికలో నిలవలేదని చెప్పాను. అది ఇచ్చే పాలతో పోల్చితే వాయువు ఎక్కువే ఉంది. ఆమె పెంపకంలో లోపమేమీ లేదు. ఒక అబద్ధంతో గట్టెక్కించవచ్చు గానీ అది నాకు చేతకాదు. ఖాలా భర్తవైపు చూసింది.

ఆయన అన్నం కలుపుకున్నాడు. "దాని గాలి ముచ్చట మీరు సూస్కోండ్రి, సాబ్. రుద్రంగాయనకు ఆవు అమ్మనని మొన్ననే చెప్పిన," అన్నాడు.

అప్పటిదాకా ఆ సంగతి ఖాలాకూ తెలియదు. కొంగుతో ముఖం తుడుచుకుని, నేను వద్దంటున్నా నా పళ్ళెంలో ఇంకో గరిటె పెరుగు వేసింది. ఆ ఆవు పాల పెరుగే. అంతా తిన్నాను. లేవబోతుంటే గట్టిగా తేన్పు వచ్చింది.

"గిది గూడ కొలుసుకో, డాక్టర్‌సాబ్," అంది.