ఖలీల్ భాయ్ ఎగరని ఆదివారం

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వస్తుంటే రోడ్డు పక్క పొలంలో ఎవరో మందు కొట్టే పంపు స్టార్ట్ చేశారు. ఆయిల్ కలిపిన పెట్రోలు వాసన ముక్కుకు తగిలింది. వీపున ఇంజను మోస్తూ గట్టు మీద నడుస్తున్న ఆ మనిషిని చూసి బండి ఆపేశాను. ఇంకో నాలుగడుగులు వేస్తే కాళ్లు నేలను వదులుతాయేమో అనిపించింది. ఖలీల్ భాయ్ అలాగే నడిచేవాడు.

దుబాయిలో, ఎడారి మీద సరదాగా ఎగిరేవాళ్ల క్లబ్బులో ఆయన చాలా ఏళ్లు మెకానిక్‌. ఎల్లారెడ్డికి తిరిగొస్తూ ఒక పాత పారామోటారు తెచ్చుకున్నాడు. వీపుకు ఇంజను, దాని వెనుక పంకా, తలపైన గొడుగులా విచ్చుకునే గుడ్డ రెక్క. తర్వాత దానికి ఇద్దరు కూర్చునే మూడు చక్రాల బండి కూడా కట్టాడు. అనుమతి దొరికిన ఆదివారాల్లో ఊరవతల పడావు భూమిలో ఆయన పెట్టిన క్లబ్బు నడిచేది. జీతం ఎవరికీ లేదు. రెక్క కుట్లు దర్జీ యాదగిరి చూసేవాడు. నేను ఊరికే చూడ్డానికి వెళ్లాను.

“ఏం పని జేస్తవ్ తమ్మీ?” అన్నాడు భాయ్.

“కామారెడ్డిల కాంటా నడుపుత. వడ్ల లారీలు తూకమేస్త.”

“మస్తుగైంది. ఇగ మా యాదగిరిని తూకమెయ్యి. ఎప్పుడడిగినా రెండు కిలోలు దాస్తడు.”

“నీ ఇంటి బిర్యానీ నా కడుపుల దాస్తున్న భాయ్, నాదేం తప్పు?” అన్నాడు యాదగిరి.

ఆ రోజు నుంచి మనిషి బరువు, పెట్రోలు, గాలి లెక్క నాదయింది. అంతవరకు నా అంకెల కోసం లారీ డ్రైవర్లు తప్ప ఎవరూ ఎదురు చూడలేదు. ఒంటరివాడిని. ఆదివారం గదికి తాళం వేసి వెళ్లడానికి ఒక చోటు దొరికింది. ఊరికీ అది అలాంటి చోటే. నాట్లు వేసే లచ్చవ్వ ఒకసారి ఎగిరి దిగి, “మా ఇల్లు గింతేనా! గీ గింత దాని కోసం తోడికోడలితోని కొట్లాడుతున్ననా!” అంది. అక్కడున్న ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు.

క్లబ్బుకు ఒకటే నియమం. ఎగిరే ముందు భాయ్ గట్టిగా అడిగేవాడు: “ఎవరన్న వద్దంటరా?” ఒక్కరు వద్దన్నా ఆ పూట రెక్క మడిచేయాలి. కారణం అడగకూడదు. ఒకసారి భిక్నూర్ నుంచి వచ్చిన దాబా యజమాని బెల్టు కట్టుకుని కూర్చున్నాక యాదగిరి వద్దన్నాడు. యజమాని మండిపడ్డాడు. భాయ్ ఇంజను ఆపాడు. తర్వాత నాతో అన్నాడు: “కారణం అడిగితే మనిషి సిగ్గుపడతడు తమ్మీ. సిగ్గుపడి ఊకుంటడు. అవతల ఒకడు పడిపోతడు.”

షుగర్‌తో ఆయన చూపు తగ్గుతూ వచ్చింది. ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లేముందు వచ్చిన ఆదివారం, ఇదే ఆఖరుసారి, ఎల్లారెడ్డిని పైనుంచి చూసి వస్తానన్నాడు. అందరూ వచ్చారు. ఎండాకాలం చివర, ఆకు కదలడం లేదు. పడమట జుక్కల్ వైపు నల్లటి మబ్బు ఉంది. అటువంటి మబ్బు ముందు గాలి ఎలా విరుచుకుపడుతుందో ఆయనే నేర్పాడు. మబ్బు దూరం, ఆయన తిరిగి దిగేందుకు పట్టే సమయం రెండూ లెక్క వేసి చూశాను. సరిపోలేదు.

“ఎవరన్న వద్దంటరా?”

“వద్దు భాయ్,” అన్నాను.

“గాలి ఏడున్నది లెక్కల సార్? జేబుల పెట్టుకొచ్చినవా?” అని ఎవరో అరిచారు. భాయ్ అటు చూడలేదు. బెల్టు విప్పి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ముందు నాకిచ్చాడు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. గాలి రాలేదు. మబ్బు అటే కురిసి పోయింది. ఆయన నన్నేమీ అడగలేదు.

హైదరాబాద్ నుంచి ఆయన తిరిగి రాలేదు, షుగర్ ఎక్కువై ఆస్పత్రిలోనే పోయాడు. ఆ ఆదివారపు లెక్క మళ్లీ ఎన్నిసార్లు వేసినా ‘వద్దు’ అనే వస్తుంది. అయినా వేస్తూనే ఉంటాను.

యాదగిరి కొడుకు దగ్గరికి నిజామాబాద్ వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. భాయ్ బతికుండగానే నాకు ఎగరడం నేర్పాడు. యంత్రం ఇప్పుడు నా కాంటా షెడ్డులో ఉంది. అప్పుడప్పుడు ఆదివారం దాన్ని ఆ పడావుకు తీసుకెళ్తాను. రెక్క పరుస్తాను. బరువు సరే, పెట్రోలు సరే, గాలి సరే.

“ఎవరన్న వద్దంటరా?” అని గట్టిగా అడుగుతాను.

వద్దనడానికి అక్కడ ఎవరూ ఉండరు. తర్వాత రెక్క మడిచి ఇంటికి వస్తాను.