సూర్యుడి కడుపు, మల్బరీ ఆకు కుప్ప

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి కారణం ఉంది. నోటితో చెప్పిన ప్రతిసారీ ఇది మారిపోతోంది. పుంగనూరు బస్టాండు దగ్గర టీ అంగట్లో ఒక రకంగా చెప్పాను, పాల కేంద్రంలో ఇంకో రకంగా చెప్పాను. వినేవాళ్ళు నవ్వితే కోపంలో లేనిది కూడా కలిపాను. ఇంకొన్నాళ్ళు పోతే పుస్తకంలో చదివింది ఏదో, కళ్ళారా చూసింది ఏదో నాకే తెలియకుండా పోతుంది. అందుకని జరిగింది జరిగినట్టు, అర్థం కానిది అర్థం కానట్టే రాస్తున్నాను.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. పొద్దున కేంద్రంలో పాలు పట్టడం అయిపోతే సాయంత్రం దాకా నాకు పని ఉండదు. ఆ ఖాళీ అంతా పుంగనూరు గ్రంథాలయంలోనే గడుస్తుంది. సైన్సు బీరువా మొత్తం చదివినవాడివి నువ్వొక్కడివేనని అక్కడి పెద్దాయన ఒకసారి అన్నాడు. ఆ మాట నేను చాలామందికి చెప్పుకున్నాను.

ఆ బీరువాలోనే కేంద్రక సంలీనం గురించి చదివాను. సూర్యుడి నడుమ హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియం అవుతాయి. కలిసేటప్పుడు రవ్వంత బరువు తగ్గుతుంది, తగ్గిన ఆ బరువే వేడీ వెలుగూ అవుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. అక్కడి వేడి కోటిన్నర డిగ్రీలట. అదే పని భూమ్మీద చేసి కరెంటు తీయాలని చూస్తున్నవాళ్ళకు మాత్రం పది కోట్ల డిగ్రీలకు పైన కావాలట. సూర్యుడికి చాలిన వేడి మనిషికి ఎందుకు చాలదు? ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోయాను.

జవాబు కోసం మదనపల్లె పెద్ద గ్రంథాలయానికి పోయాను. అక్కడ దొరికిన పుస్తకం ఉన్న తికమకను రెట్టింపు చేసింది. సూర్యుడి నడుమ నుంచి కొంత భాగం తీసుకుంటే, అది పుట్టించే వేడి అంతే పరిమాణం ఉన్న ఎరువు కుప్ప పుట్టించే వేడికి దగ్గరగానే ఉంటుందని అందులో ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. కౌంటరు దగ్గరి మేడమ్‌కు చూపిస్తే, "పుస్తకంలో ఉంటే కరెక్టే ఉంటుందప్పా, ముద్ర వేసేదా వద్దా?" అంది. వేయించుకుని, ఆ పుస్తకంతోనే నేరుగా మా అక్క ఊరికి బస్సెక్కాను. అది శనివారం.

అక్క పుంగనూరుకు దగ్గర్లోని పల్లెలో పట్టుపురుగులు పెంచుతుంది. బావకు కుప్పంలో గ్రానైటు పలకలు పాలిష్ పట్టే పని. పురుగులు చివరి దశకు వచ్చినప్పుడు సెలవు పెట్టి వస్తాడు. పురుగు తిండి మాని, కదలకుండా ఉండి చర్మం విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక గూడు కట్టేదాకా వాటి ఆకలికి అంతుండదు. ఆ రోజుల్లో మంచి ఆకు అందకపోతే పంట పోయినట్టే. అక్కకు అంతకు ముందు పంట పోయింది. ఇది కూడా పోతే మల్బరీ తోట పెరికేసి టమాటా పెడదామని బావ ఖాయంగా చెప్పేశాడు. పురుగులు మేపడం తప్ప వేరే పని మా అక్కకు పట్టదు. తోట పోతే ఆమెకు చేతులు పోయినట్టే.

సాయంత్రం మబ్బు పట్టింది. తడిసిన ఆకు పెడితే పురుగులకు రోగం వస్తుందని, మరునాటికి కావలసిన ఆకంతా ముగ్గురం తొందర తొందరగా కోశాం. ఆకు గది చిన్నది. బావ పలకలు పేర్చే మనిషి, సందు కనిపిస్తే ఊరుకోడు. ఆకును మూలకు సర్ది, కాళ్ళతో తొక్కి, వాడిపోకుండా పైన తడి గోనెపట్టలు కప్పాడు. అక్క షెడ్డులో పురుగుల పని చూస్తోంది. నేను వాకిట్లో నిలబడి పుస్తకం విప్పాను.

"బావా, సూర్యుడి నడుమ నుంచి తట్టెడు తీస్తే, మన పెంటదిబ్బలో తట్టెడంత వేడే పుట్టిస్తుందంట."

"అట్లయితే రేపటి నుంచి దిబ్బకే దండం పెట్టుకుంటా. తూర్పు దిక్కు తిరిగే పని కూడా లేదు."

"నవ్వద్దు బావా, పుస్తకంలో ఉండాది."

"పుస్తకం రాసినాయప్ప దిబ్బ యాడన్నా సూసినాడా, సూర్యుణ్ణి సూసినాడా?"

"సుమ్నే నోరు మూసుకోని ఉండండప్పా ఇద్దరూ!" అని షెడ్డులోంచి అక్క అరిచింది. "ఆకు తడవకుండా సూడండి సాలు."

ఆకు తడవలేదు. రాత్రంతా వాన కురిసినా ఒక్క చుక్క లోపలికి రాలేదు. పొద్దున అక్క గోనెపట్ట ఎత్తి, ఆకులోకి చేయి పెట్టి, అట్లాగే నిలబడిపోయింది.

"రేయ్, ఈడికి రా."

నేను మోచేతి దాకా చేయి పెట్టాను. పైన చల్లగా ఉంది. లోపలికి పోయేకొద్దీ అప్పుడే అన్నం వార్చిన గిన్నెను పట్టుకున్నట్టుంది. బయటికి తీసిన ఆకు నల్లబడి, పులిసిన వాసన కొట్టింది.

"అక్కా, ఇదే! పుస్తకంలో ఉండేది ఇదే!" అన్నాను.

"పురుగులు తలకాయలెత్తుకోని సూస్తాండాయి. నీకు పుస్తకం గావాల్నా?" అంది. తర్వాత బావ వైపు తిరిగింది. "టమాటా పెట్టాలనే తొక్కినావా?"

ఆ మాటకు బావ ముఖం మాడిపోయింది. "నాకు తెలిస్తే తొక్కుతానా?" అన్నాడు. కొడవలి తీసుకుని బురదలోకి దిగాడు. నేనూ వెంట పోయాను. అక్క పైపొరలో బాగున్న ఆకు ఏరి, పురుగులకు పలచగా చల్లింది. లోపలిది ఆవులకు కూడా వేయలేదు, దిబ్బకు మోసేసింది.

మా తోటలో కోతకొచ్చిన ఆకంతా ముందురోజే కోసేశాం. పక్క తోటాయన పురుగులు అప్పటికే గూళ్ళు కట్టేశాయి, ఆయన తోటలో ఆకు మిగిలి ఉంది. తెల్లచొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని ఆదివారం ఆరాధనకు బయలుదేరుతున్నాడు.

"కోసుకోండప్పా, యాల అడగతా నిలబడినారు?" అన్నాడు. ఆకు ఎట్లా పాడైందో చెబుతూ నేను సూర్యుడి మాట కూడా ఎత్తాను. ఆయన ఆగాడు. "దేవుడు వెలుగును మొదటి రోజే కలగజేసినాడు. సూర్యుణ్ణి నాలుగో రోజు పెట్టినాడు. ఆ నడుమ వెలుగు యాడిదో నీ లైబ్రరీలో ఉండాదా?"

నక్షత్రాలు పుట్టకముందే విశ్వంలో వెలుగు ఉందని నేను చదివాను. అదే చెప్పాను. ఆయన సంతోషంగా తలూపి వెళ్ళిపోయాడు. ఆయనను ఖండించానో, ఆయన పక్షాన సాక్ష్యం చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.

తెచ్చిన ఆకు తడిగా ఉంది. షెడ్డు వరండాలో పలచగా పరిచి, ఫ్యాను పెట్టి, పాతచీరలతో తుడుస్తూ కూర్చున్నాం. తుడుస్తూనే బావ అడిగాడు.

"తట్టలో ఉండే ఆకు ఇట్లా వేడెక్కదు గదా?"

"ఎక్కదు. పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. పెద్ద కుప్ప వేసి తొక్కితే పోయేదానికి దోవ ఉండదు." అంటూ ఉండగానే నాకు తట్టింది. సూర్యుడు గట్టిగా మండి అంత వేడిగా లేడు, అంత పెద్ద కుప్ప కాబట్టి ఉన్నాడు. "మనుషులు సూర్యుడంత కుప్ప వేయలేరు బావా. చిన్న కుప్పలో వేడి నిలవదు. అందుకే హైడ్రోజన్ బాగా తొందరగా కలిసేటట్టు చేయాల. దానికే పది కోట్ల డిగ్రీలు."

నా జీవితంలో నేను సొంతంగా కనుక్కున్నది ఇదొక్కటే. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు.

"సరే. ఆకు వేడెక్కేకొద్దీ ఇంకా తొందరగా చెడింది గదా. సూర్యుడు యాల పేలిపోలే?"

ఆ సంగతి తర్వాత చదివాను. సూర్యుడి నడుమ వేడి పెరిగితే ఉబ్బుతుందట, ఉబ్బితే చల్లబడుతుందట, చల్లబడితే కలయిక నెమ్మదిస్తుందట. మాటలన్నీ అర్థమయ్యాయి, సంగతి కాలేదు. ఉబ్బి చల్లబడిన ఆకు కుప్పను నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నానికి ఆకు ఆరింది. అక్క ఒక ఆకును చెంపకు ఆనించి చూసి, ఊ అంది. పురుగుల మీద వేశాం. కాసేపటికి షెడ్డంతా చిరుజల్లు పడుతున్న చప్పుడు. పురుగులు తింటే వచ్చే చప్పుడది. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

ఒక వరస పురుగులు మాత్రం రోగం పడి పోయాయి. మిగిలినవి మాగి, చంద్రికలనే వెదురు చట్రాలెక్కి గూళ్ళు కట్టాయి. గూళ్ళు అమ్మి వచ్చిన మరునాడు బావ కుప్పం పోవాలి. బస్సుకు ముందు తోటలో దిగి, మల్బరీ కొమ్మలు మొదళ్ళ దాకా కత్తిరించాడు. కొత్త ఆకు రావాలంటే అట్లా కత్తిరించాలి, పెరికేసే తోటకు ఆ పని ఎవరూ చేయరు. అక్క వాకిట్లోంచి చూసింది.

సాయం చేసినవాళ్ళ పేర్లు రాసి కృతజ్ఞత చెప్పాలని అనుకున్నాను. పేర్లొద్దు, దిష్టి తగులుతుందని అక్క ఒప్పుకోలేదు. కాబట్టి వరసలతోనే చెబుతున్నాను. గడువు దాటినా ఏమీ అనని మదనపల్లె మేడమ్‌కు, బీరువా తాళం నా చేతికే ఇచ్చే పుంగనూరు పెద్దాయనకు, అడిగిన వెంటనే తోట చూపిన పక్క తోటాయనకు, నాకింకా అంతుపట్టని ప్రశ్న వేసిన బావకు నా నమస్కారాలు. ఇదంతా చదివించుకుని విని, "ఆకు సంగతి సరిగ్గానే రాసినావు, మిగతాది నాకు తెలీదప్పా" అన్న మా అక్కకు కూడా.