కర్జకాన్ తోటలో హబగాత్ ఆఖరి ఆట

గురువారం సాయంత్రం క్లినిక్ మూసే వేళకు మారిసెల్ నా బల్ల దగ్గరికి వచ్చి, రేపు మాతో కర్జకాన్ వస్తావా అని మళ్లీ అడిగింది. బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లోని ఒక పళ్ల క్లినిక్‌లో నేను రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఆమె డాక్టరు పక్కన సహాయకురాలు. ఫిలిప్పీన్స్ మనిషి. నాకన్నా ఆరేళ్లు పెద్ద కాబట్టి వాళ్ల పద్ధతిలో ‘ఆతె’ అని పిలుస్తాను, అంటే అక్క. శుక్రవారం ఆమె భర్త రోడెల్‌కు స్నేహితులు వీడ్కోలు విందు ఇస్తున్నారు. వారానికి ఒక్కరోజు సెలవు, బట్టలు ఉతుక్కోవాలి, రాలేనని అంతకుముందే చెప్పేశాను. ఈసారి ఆమె గొంతు వేరుగా ఉంది. పరికరాలు కడిగే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

విషయం ఇది. రోడెల్ ఒకప్పుడు వాళ్ల ఊరి బాస్కెట్‌బాల్ జట్టు ‘హబగాత్’లో ఆడేవాడు. మోకాలు దెబ్బతిన్నాక బహ్రెయిన్ వచ్చి, మామీర్‌లో ఇనుప నిర్మాణాల యార్డులో ఏడేళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాడు. ఆ ఏడాది ఎండాకాలంలో జట్టువాళ్లు ఫోన్ చేసి, వచ్చే సీజన్ నుంచి సహాయ కోచ్‌గా రమ్మన్నారు. అతను ఉద్యోగం మానేస్తానని కాగితం ఇచ్చేశాడు. వీసా రద్దయింది, మంగళవారం విమానం. శుక్రవారం విందులోనే అందరూ కూర్చుని జట్టు ఈ సీజన్ చివరి ఆటను టీవీలో చూడాలనుకున్నారు. అయితే గురువారం మధ్యాహ్నం మారిసెల్ చెల్లెలు ఫోన్ చేసింది. ఆ పిల్ల జట్టు ఆడే జిమ్‌లో టికెట్లు అమ్ముతుంది. జట్టును ఇంకో రాష్ట్రంలోని నగరానికి అమ్మేశారట, రేపు ఆట అయ్యాక యజమాని మైకు పట్టుకుని చెబుతాడట. రోడెల్‌కు ఇంకా తెలియదు. “ఫోన్‌లో చెప్పలేను సుధా,” అంది మారిసెల్. “ఎదురుగా ఒక్కదాన్నే చెప్పలేను. నువ్వు పక్కన ఉంటే చాలు.”

అలా నేను ఆ శుక్రవారం బయల్దేరాను. బస్సులో కర్జకాన్ వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. ముహర్రక్ నుంచి మనామా బస్టాండుకు ఒక బస్సు, అక్కడ మారి హమద్ టౌన్ వైపు ఇంకొకటి. ఎక్కినప్పుడల్లా మూడు వందల ఫిల్సులు, వెయ్యి అయితే ఒక దినారు. శుక్రవారం బస్సులు తక్కువ, రెండు గంటలు పెట్టుకోవాలి. మేము శైలు వ్యాను మాట్లాడుకున్నాం, రోజంతటికీ పన్నెండు దినార్లు. శైలుది జగిత్యాల దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా ఇక్కడే బండి నడుపుతున్నాడు. ఎనిమిదిన్నరకు మా వీధి మలుపులో మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. అక్టోబరు సగం గడిచినా అద్దాల మీద వేడి చురుక్కుమంటోంది. వంతెన దాటుతుండగా మారిసెల్ వెనక సీట్లో కళ్లు తుడుచుకోవడం అద్దంలో చూసి, ఏమైందని నన్ను తెలుగులో అడిగాడు. చెప్పాను.

“అక్కా, ఆడ విందుల మంది ముంగట తెలిస్తే మనిషి ఇరుగుతడు,” అన్నాడు. “తొవ్వలనే చెప్పున్రి. నేను యాడనన్న బండి ఆపుత.”

తొమ్మిది దాటాక మామీర్ చేరాం. ఊరి ఇళ్లను ఆనుకునే ఫ్యాక్టరీలు ఉంటాయి. దిగగానే గొంతులో నూనె కమురు పట్టుకుంటుంది. యార్డు క్యాంపు గేటు దగ్గర రోడెల్ అప్పటికే నిలబడి ఉన్నాడు. నలభై ఒక్కేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. చేతుల మీద వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు. తన వంటగిన్నెలు, పరుపు, ఫ్యాను గదిలోవాళ్లకు పంచేశానని నవ్వుతూ చెప్పాడు. ముందు సీట్లో మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనించి కూర్చున్నాడు. ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడతాడు, శైలుకు కూడా అర్థమవుతుంది. నేను మారిసెల్ చెయ్యి పట్టుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇప్పుడే వద్దు.

బాస్కెట్‌బాల్ గురించి నాకేమీ తెలియదని చెబితే రోడెల్‌కు సంబరం. దారి పొడుగునా జట్టు కథ చెప్పాడు. హబగాత్ అంటే వాళ్ల భాషలో నైరుతి గాలి. ఆ గాలి వీచే నెలల్లో వాళ్ల ద్వీపంలో పడవలు సముద్రంలోకి వెళ్లవు. పని లేని జాలరులంతా జిమ్‌కు వచ్చి కూర్చుంటారు. జట్టు పెట్టినప్పుడు ఆ పేరు ఊరే పెట్టిందట. మాదీ ఉప్పాడ తీరమే కాబట్టి వేట ఆగిన నెలల్లో మగవాళ్లు ఎలా ఉంటారో నాకు తెలుసు. మొదటి ఏడాది గెలిచిన ఆటలు ఒక చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జిమ్ కప్పు కారేది. వాన పడితే మైదానం మధ్యలో బకెట్లు పెట్టి, కొంతసేపు ఆట ఆపి, తుడిచి మళ్లీ ఆడేవాళ్లు. బయటి ఊళ్లలో ఆటలకు రాత్రంతా లాంచీలో కోళ్ల బుట్టల పక్కన పడుకుని వెళ్లేవాళ్లు. రెండో ఏడాది తుపాను కప్పును ఎత్తుకుపోయింది. సీజన్ మొత్తం పరాయి ఊళ్లలోనే ఆడారు. మూడో ఏడాది కొత్త కప్పు కింద మొదటి ఆట ఆడినప్పుడు, చేపల బజారు ఆడవాళ్లు బియ్యం సంచులు కుట్టి జెండాలు చేసి తెచ్చారు. ఆ ఏడాదే సెమీఫైనల్ దాకా వెళ్లారు. అదే ఆటలో రోడెల్ మోకాలు పోయింది. “నన్ను మోసుకెళ్తుంటే జిమ్ మొత్తం లేచి నిలబడింది,” అన్నాడు. “నా ఇంటి ముందు కూడా అంతమంది ఎప్పుడూ లేరు.”

రిఫా దాటి హమద్ టౌన్ వైపు తిరిగాక రోడ్డు పక్కన మట్టిదిబ్బలు వరసగా కనిపిస్తాయి. వేల ఏళ్ల నాటి సమాధులు. చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లాలి, అక్కడ నీడ ఉండదు. మేము ఆగలేదు. కొంచెం ముందుకు వెళ్లాక ఐసు కొనాలంటూ శైలు ఒక కిరాణా కొట్టు ముందు బండి ఆపాడు. ఇక్కడ అలాంటి కొట్టును కోల్డ్ స్టోర్ అంటారు. పదిన్నర అయింది. జుమ్మా నమాజుకు మూసేలోగా కొనాలని జనం తొందరలో ఉన్నారు. శైలు దిగి సిగరెట్ వెలిగించుకుని దూరంగా వెళ్లాడు. రోడెల్ ఐసు సంచి ఎత్తి భుజం మీద పెట్టుకుంటుండగా మారిసెల్ వాళ్ల భాషలో చెప్పేసింది. నాకు మాటలు తెలియలేదు. అతని ముఖం చూస్తే తెలిసింది.

అతను సంచి దించలేదు. కరిగిన నీళ్లు చొక్కా మీదుగా కారుతున్నాయి. నావైపు తిరిగి, నాకు అర్థం కావాలని కాబోలు, ఇంగ్లీషులో అన్నాడు. “టికెట్లు అమ్మే పిల్లకు చెప్పారు. నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు.”

తర్వాత ఐసు వ్యానులో పెట్టి, విందులో ఎవరికీ చెప్పవద్దని మా ఇద్దరినీ అడిగాడు. వాళ్లను ఆట చూడనివ్వాలన్నాడు.

కర్జకాన్ ఊరు దాటాక ఖర్జూరం చెట్ల మధ్య ఇలాంటి తోటలు చాలా ఉన్నాయి. ఒక చిన్న ఈత కొలను, వంటకు షెడ్డు, ఒక హాలు ఉంటాయి. శుక్రవారం అద్దె నలభై దినార్ల దాకా ఉంటుంది, పదిమంది కలిస్తే భారం కాదు. మా తోటలో సిమెంటు నేల మీద బాస్కెట్‌బాల్ బుట్ట బిగించిన ఒక స్తంభం కూడా ఉంది. వల లేదు. పాతికమంది మగవాళ్లు, ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఉన్నారు, సగానికి పైగా ఆ ద్వీపంవాళ్లే. మేము దిగగానే చప్పట్లు కొట్టారు. ‘కోచ్ రోడెల్’ అని గుడ్డ మీద రాసి షెడ్డుకు కట్టారు. కేకు మీద కూడా అదే మాట. పన్సిత్ అనే సేమ్యా వంటకం, కాల్చిన చేపలు, అన్నం ఉన్నాయి. నేను ఆకు నిండా పెట్టించుకుని ఒక్క ముద్ద కూడా తినలేకపోయాను. రోడెల్ కేకు కోశాడు. అందరితో ఫొటోలు దిగాడు. అక్కడికెళ్లాక మా తమ్ముణ్ని పరీక్షించి చూడు అని ఒకతను అడిగితే, చూస్తానన్నాడు. మారిసెల్ వంటషెడ్డులో అడుగంటని గిన్నెను కూడా తోముతూ కూర్చుంది.

ఫిలిప్పీన్స్ సమయం బహ్రెయిన్‌కన్నా అయిదు గంటలు ముందు. అక్కడ రాత్రి ఏడింటి ఆట ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. హాల్లో గోడకు టీవీ, కింద చాపలు. రోడెల్ ముందు వరసలో కూర్చున్నాడు. జిమ్ కిక్కిరిసి ఉంది. అతను తెలియకుండానే ఆటగాళ్లకు చేతులతో దారి చూపిస్తున్నాడు, ఎడమకు, ఎడమకు అని గొణుగుతున్నాడు. ఒక కుర్రాడు చివరి నిమిషంలో దూరం నుంచి బుట్టలో వేస్తే హాలంతా లేచి గంతులు వేసింది. హబగాత్ గెలిచింది. రోడెల్ లేవలేదు.

అప్పుడు యజమాని మైకు తీసుకున్నాడు. అభిమానులకు కృతజ్ఞతలు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. అసలు మాట వచ్చేసరికి హాల్లో ఒక్కొక్కరే కూర్చుండిపోయారు. జిమ్‌లో ఎవరో సీసా విసిరారు. కెమెరా జిమ్ పైకప్పు వైపు తిరిగింది, తర్వాత ఎరువుల ప్రకటన వచ్చింది. పాతికమందీ తల తిప్పి రోడెల్ వైపు చూశారు.

అతని ఫోను మోగింది. పదకొండేళ్ల కూతురు. ఆ జిమ్ మెట్ల మీద నుంచే వీడియోలో చేసింది. వెనక జనం కేకలు. నాన్న కోచ్‌ల బెంచి మీద కూర్చుంటాడని బడిలో అందరికీ చెప్పుకుందని మారిసెల్ నాకు తర్వాత చెప్పింది. పిల్ల ఏడుస్తూ ఒకటే అడిగింది, ఇంకా వస్తున్నావా అని. అతను వస్తున్నానన్నాడు. అక్కడికి వచ్చి ఏం చేస్తావని అడగలేదు ఆ పిల్ల.

నాలుగింటికి బయల్దేరాం. తిరుగుదారిలో శైలు పాటలు పెట్టలేదు. కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, అడిగితే వీసా మళ్లీ ఇస్తాడేమో అని నేను అన్నాను. శైలు నెమ్మదిగా చెప్పాడు. “ఒక్కసారి క్యాన్సల్ అయినంక ఖలాస్ అక్కా. ఆ జాగల ఇంకొకడు వచ్చేసుంటడు.” మామీర్ గేటు దగ్గర రోడెల్ దిగి, శైలుకు చెయ్యి కలిపి, నాకు దండం పెట్టాడు. ఆ దండం ఎక్కడ నేర్చుకున్నాడో. పంచేసిన పరుపు ఆ రాత్రికి ఎవరిని అడిగి తీసుకున్నాడో తెలియదు.

శనివారం యార్డు ఆఫీసుకు వెళ్లాడు. శైలు చెప్పినట్టే జరిగింది, కొత్త వెల్డరు దిగి వారమైంది. మంగళవారం విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్టుకు మారిసెల్‌తో నేనూ వెళ్లాను.

ఇది జరిగి నాలుగు నెలలైంది. కొన్నవాళ్లు జట్టుతో పాటు పేరు కూడా తీసుకున్నారు. సముద్రమే లేని నగరంలో ఇప్పుడు హబగాత్ ఆడుతోంది. ఊళ్లో జిమ్ గోడ మీది జట్టు పేరు కనిపించకుండా తెల్ల సున్నం వేశారు. రోడెల్ మళ్లీ గల్ఫ్‌కు రావాలని ఏజెంటు దగ్గరికి వెళ్తే, మెడికల్‌లో మోకాలు చూసి అన్‌ఫిట్ రాశారు. వచ్చే ఏడాది తానూ ఇంటికి వెళ్లిపోవాలనుకున్న మారిసెల్ క్లినిక్‌లో ఇంకో రెండేళ్లకు సంతకం చేసింది. ఆ రోజు నేను పక్కన ఉన్నందుకు ఆమె ఇప్పటికీ థాంక్స్ చెబుతుంది. నేను చేసిందేమీ లేదు. ఐసు కొట్టు ముందు నిలబడి, ఒక మనిషికి వెళ్లాల్సిన చోటూ ఉండాల్సిన చోటూ రెండూ లేకుండా పోవడం చూశాను. ఈ దేశంలో ఇంటికి వెళ్లే రోజు కోసమే కదా అందరం బతుకుతున్నాం. ఆ రోజు వచ్చాక కూడా ఇలా అవుతుందని నాకు అంతకుముందు తెలియదు. తెలిశాక మా ఊరి టికెట్ ధరలు చూడటం మానేశాను.

ప్రయాణాల గురించి రాసేచోట ఈ సలహా వింతగా ఉండొచ్చు, అయినా నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టే రోజు, పెన్ను పట్టుకునే ముందు, ఇంటి దగ్గర మీకోసం ఉందన్న పని ఇంకా ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. మిమ్మల్ని పిలిచిన పెద్దమనిషిని కాకుండా, అక్కడ గేటు దగ్గర పనిచేసేవాళ్లను అడగండి.