నాన్న వెతికిన పసుపు జెర్సీ

మాది కావలి. షుగరు వల్ల నాన్నకు చూపు మందగించింది. టీవీలో అన్నయ్య ఫుట్‌బాల్ జట్టును పసుపు జెర్సీని బట్టే పోల్చుకునేవారు. అన్నయ్యను తొలిసారి మైదానంలోకి దింపిన రోజే ఆ జట్టు నీలం జెర్సీకి మారింది. ఎదుటివాళ్లదేమో పసుపు. నాన్నకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

గోల్ పడగానే నాన్న చప్పట్లు కొడుతూ, "మనోడే కదమ్మా కొట్టింది!" అన్నారు.

పక్కింటి బాబాయి పకపకా నవ్వాడు. "మన మీదే కొట్టినారన్నా! మనోళ్లు నీలం."

నాన్న చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

అభిమానులు గొడవ చేయడంతో వారంలోనే పసుపు తిరిగొచ్చింది. అన్నయ్యకు మళ్లీ ఆడే అవకాశం దొరికేసరికి మాత్రం నాన్నకు చూపు పూర్తిగా పోయింది. చూడగలిగిన ఆ ఒక్క ఆటలోనూ ఆయన కొడుకును ఎదుటి జట్టులో వెతుకుతూ కూర్చున్నారు.