పెదాల లెక్క

పరభాషా సినిమాలకు డబ్బింగ్ మాటలు రాసే ఆయన్ని స్టూడియోలో అందరూ పెదాల మాస్టారు అంటారు. తెర మీద పెదాలు కలిసినప్పుడల్లా బొటనవేలితో బల్ల మీద కొడతాడు. ప, బ, మ సరిగ్గా అక్కడే పడాలి. దేశాలకు దేశాలు మింగినవాణ్ణి దేవుణ్ణి చేసిన ఈ సినిమాకి వారం రోజులుగా పళ్లు నూరుతూనే రాస్తున్నాడు. చివర్లో ఆ మహానుభావుడు చావబోతూ కిటికీలోంచి పొలాలు చూసి ఒక మాటంటాడు.

"'ఈ నేలని ప్రేమించాను' అని పెట్టండి మాస్టారూ. జనం కళ్లనీళ్లు పెట్టుకోవాలి," అన్నాడు నిర్మాత.

మాస్టారు ఆ ముక్క మళ్లీ వేయించాడు. వేలు బల్ల మీద ఒక్కసారే పడింది.

"ప్రేమించాలంటే పెదాలు రెండుసార్లు కలవాలండీ. వీడు ఒక్కసారే కలిపాడు."

"మరేం పడుతుంది?"

"ఆక్రమించాను."

నిర్మాత మొహం మాడ్చుకుని మూడుసార్లు వేయించి చూశాడు. మూడుసార్లూ అతికినట్టు సరిపోయింది.