చాచీ చేతికివ్వని తాళంచెవి

యాకుత్‌పురాలో మా గల్లీకి ఒక పద్ధతి ఉండేది. ఇల్లు వదిలి వెళ్తే తాళంచెవి పక్కింటి చాచీ చేతిలో పెట్టాలి. ఇవ్వకపోతే ఆమెను దొంగ అన్నట్టే. అమ్మ ఆసుపత్రిలో ఆయా, నేను సర్కారీ ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్త గుమాస్తాను. పొద్దున్న పోతే సాయంత్రం దాకా ఇల్లు చాచీదే.

ఎనభైల మధ్యలో మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. నేర్పడానికి వచ్చినాయన మొదటిరోజే బల్ల గుద్ది చెప్పాడు: "ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. కన్నతల్లికి కూడా చెప్పొద్దు." మేమంతా నవ్వాం. మా అమ్మకు బస్సు నంబరే చదవరాదు, పాస్‌వర్డ్ ఏం చేసుకుంటుంది? ఎవరేం మార్చినా మిషన్ వాళ్ల పేరుతో సహా రాసిపెట్టుకుంటుందనీ చెప్పాడు. నోట్‌బుక్‌లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. బుర్రకు మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఫ్యాక్టరీ క్వార్టర్ల కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టు నాకు అప్పగించారు. పక్క సీటు అక్క నాకు పని నేర్పిన మనిషి, నా తప్పులెన్నో గుట్టుగా దిద్దింది. ఒకరోజు అడిగింది, "నువ్వు అన్నానికి పోయినప్పుడు నా నంబర్ ఏడికొచ్చిందో జర చూసుకుంట. పాస్‌వర్డ్ చెప్పు చెల్లె."

కాదంటే ఏమనుకుంటుందో అని చెప్పేశాను.

నెల తిరక్కుండానే లిస్టులో పదకొండో పేరు రెండోదైంది. ఆ పేరు అక్కదే. మార్చింది మాత్రం నేనని మిషన్ చెప్పింది.

పర్మనెంట్ కావడానికి ఇంకా రెండు నెలలున్నాయి. సంజాయిషీ అడుగుతూ ఇచ్చిన మెమో పట్టుకుని అక్క దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, నిజం చెప్పు. నా నౌకరి పోతది."

ఆమె తలెత్తలేదు. "నాకేం తెల్వది. ఏడేండ్ల సంది లైన్ల ఉన్న. నా ఇజ్జత్ తియ్యకు."

కాళ్లు పట్టుకుందామనిపించింది. పాస్‌వర్డ్ అక్కకు చెప్పానని ఆఫీసర్ ముందు సిగ్గు విడిచి ఏడ్చాను. ఆయన కేకలెయ్యలేదు, దాంతో ఇంకా భయమేసింది.

"ఆమె మార్చిందని నువ్వంటున్నవ్. ఆమె కోసం నువ్వే మార్చినవేమో. ఒక్క పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిస్తే, ఎవరు చేసిండ్రో నాకెట్ల తెలవాలె?"

మూడు వారాలు అన్నం సహించలేదు, అమ్మకు చెప్పే ధైర్యమూ చాలలేదు. ఆ నోట్‌బుక్ తీసి మళ్లీ మళ్లీ చదివాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చివరికి ఉద్యోగం ఉంచారు. పర్మనెంట్ చేయడం ఏడాది వెనక్కి జరిపి, మిషన్ దగ్గర నుంచి లేపేసి, టపా సెక్షన్‌లో కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్న ఇంటికి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. చాచీ అలవాటుగా గడపలో చెయ్యి చాపి నిలబడి ఉంది.

"చావీ మర్చిపోతున్నవ్ బిడ్డా."

"నా దగ్గరే ఉండనియ్ చాచీ."

ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. మెల్లగా అడిగింది, "మీ ఇంట్లకెళ్లి ఏమన్న పోయిందా?"

లేదన్నాను. ఒక్క తాళంచెవి ఇద్దరి చేతుల్లో తిరిగితే, ఏదైనా పోయిననాడు ఎవరిననాలో తెలియదని ఆమెకు చెప్పలేక, తల వంచుకుని బస్టాపుకు నడిచాను.